మొదటి పొరుగువాడి మాట

వెన్‌బ్రోక్
సెప్టెంబరు చివరి ఆదివారం, 1974

తమ్ముడు ఆల్విన్‌కి,

అక్క గెర్బుర్గ్ ఆశీస్సులు. నేను కులాసా. మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. గుడిగంట ఇంకా నేనే కొడుతున్నాను. మరదలు రెనాటెనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

మన ఊరికి ఇంక మూడు నెలలే. కొత్త సంవత్సరం నుంచి వెన్‌బ్రోక్ అనే పంచాయతీ ఉండదు. రోడెన్‌హోర్స్ట్‌లో కలిపేస్తున్నారు. నీతో బళ్లో చదివిన లుడ్గరే మనకు ఆఖరి మేయరు. పోయేముందు ఊరి వివరం రాసి పంపమన్నారట. జనం ఎంత, గొడ్లు ఎన్ని, చిత్తడినేల ఎంత, గుడి ఎప్పటిది. "ఇన్ని వందల ఏళ్ల ఊరు గెర్బుర్గ్, రెండు పేజీలు నిండటం లేదు" అని నా దగ్గర మొత్తుకున్నాడు. "బురద గురించి రాయి, పుస్తకం అవుతుంది" అన్నాను.

జనం దగ్గర కలం ఆగింది. పొరుగింటి టెబ్బె పెద్దమ్మ తన కొడుకు క్లెమెన్స్‌ని కూడా కలిపి రాయమంటోంది. లుడ్గర్ నన్ను తోడు తీసుకుని ఆవిడ వంటింటికి వెళ్లాడు.

"పెద్దమ్మా, వాణ్ణి యుద్ధానికి పట్టుకుపోయి ఇరవై తొమ్మిదేళ్లయింది" అన్నాడు.

"నాకు తెలీదట్రా? కన్నది నేనా నువ్వా?"

"అది కాదు. గుడి ముందు రాతిమీద మిగతా పిల్లల పేర్ల పక్కన వాడి పేరూ చెక్కిస్తాం. ఊరు మన చేతిలో ఉండగానే చెయ్యాలి. తర్వాత రోడెన్‌హోర్స్ట్ వాళ్లకి వీడెవరో కూడా తెలీదు."

"రాతిమీద చెక్కేది చచ్చినవాళ్ల పేర్లు. మావాడు చచ్చిపోయాడని నాకెవడు చెప్పాడు? మొదటి పొరుగువాడు నా గడపకి వచ్చాడా? కర్రతో తలుపు కొట్టాడా? నువ్వు మేయరువి. నీకేం పని ఇందులో?"

లుడ్గర్ నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

యుద్ధం రోజుల్లో నాన్న ఎన్ని గడపలకి వెళ్లాడో నీకు గుర్తుండే ఉంటుంది. సైన్యం నుంచి కాగితం ముందే వచ్చేది. అయినా మొదటి పొరుగువాడు నల్లటోపీ చేత్తో పట్టుకుని మెట్టు కింద నిలబడి చావుకబురు చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఏడ్చేవారు కాదు. టెబ్బె వాళ్లకి మొదటి పొరుగు మన ఇల్లే. నాన్న పోయాక మన ఇంటి మగవాడివి నువ్వు.

ఆవిడ బాగా చిక్కిపోయింది. ఈ చలికాలం దాటదని డాక్టరు అన్నాడు.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

అక్క

*

దూయిస్‌బుర్గ్
అక్టోబరు, రెండో వారం

అక్కా,

ఉత్తరం చేరింది. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర మనుషులు చాలక మా చేత రెండేసి షిఫ్టులు చేయిస్తున్నారు. చిన్నవాడికి పన్ను ఊడింది. రెనాటె నీకు ఒక స్వెటర్ అల్లుతోంది. రంగు చూసి భయపడకు.

వెన్‌బ్రోక్ పోతే ఎవరికి నష్టం? దోమలకేగా. లుడ్గర్‌కి మేయరు కుర్చీ పోతుందని దిగులు, అంతే. బళ్లో ఉన్నప్పుడు కూడా వాడికి ముందు బల్ల కావాలి. పెద్దమ్మ అడిగినట్టు ఒక మనిషిని ఎక్కువ రాసెయ్యమను. రోడెన్‌హోర్స్ట్ నుంచి ఎవడొచ్చి తలలు లెక్కపెడతాడు?

ఆ టోపీలూ కర్రలూ ఇంకా ఉన్నాయా అక్కా? ఇక్కడ మనిషి పోతే ఒక ఫోను చేస్తారు, నల్ల కారు వస్తుంది. పక్కింటివాడి పేరు కూడా నాకు తెలీదు. హాయిగా ఉంది.

క్లెమెన్స్ సంగతి ఎన్నిసార్లు అడిగినా నా దగ్గర అదే జవాబు. మా దళం చెదిరిపోయింది. తర్వాత వాడు ఎవరికీ కనబడలేదు. అందరికీ చెప్పింది అదే. పెద్దమ్మకి నచ్చజెప్పు. వాడు పెద్దగా బాధపడి ఉండడులే. మనసు గట్టి చేసుకోమను.

క్రిస్మస్‌కి రావడం కుదరదు. షిఫ్టులు.

ఆల్విన్

*

వెన్‌బ్రోక్
సమాధుల పండుగ మర్నాడు

తమ్ముడూ,

నిన్న గోరీలన్నిటిమీదా దీపాలు పెట్టాం. నాన్నకీ అమ్మకీ నీ తరఫున ఒకటి పెట్టాను.

కనబడకుండా పోయినవాడి గురించి "బాధపడి ఉండడు" అని రాశావు. చదివాను. దాని గురించి ఏమీ అడగను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. పోయిన వారం నుంచి సాయంత్రం పూట తన గుమ్మం ముందు ఎవరో నిలబడుతున్నాడని పెద్దమ్మ అంటోంది. "వచ్చాడే గెర్బుర్గ్. లోపలికి మాత్రం రాడు. ఎంత పిలిచినా మెట్టు కిందే. మొండివెధవ, చిన్నప్పుడూ ఇంతే. అలిగితే ఆకలేసేదాకా ఇంట్లోకి వచ్చేవాడు కాదు" అంది. నవ్వుతూనే అంది. గోధుమ అట్లు రెండు పోసి మూతపెట్టి ఉంచింది.

ముసలితనం అనుకున్నాను. లుడ్గర్ కుక్క పెద్దమ్మ ఇంటి దారిలో కాలువమీది బల్ల దాటనని మొరాయించిందంటే కూడా కుక్కే కదా అనుకున్నాను.

నిన్న సాయంకాలపు గంట కొట్టి వస్తుంటే నేను చూశాను.

మెట్టు కింద నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. కర్ర ఉంది. మోకాళ్లదాకా తడి. మొహం తలుపువైపు. చావుకబురు తెచ్చినవాడు నిలబడే తీరు అది. ముందు నువ్వనుకున్నాను. కుడిభుజం కొంచెం కిందికి వాల్చి నిలబడటం నీదే. కానీ మెడ నలభై ఆరేళ్లవాడి మెడ కాదు. పదిహేడేళ్ల పిల్లవాడి మెడ.

"క్రీస్తుకు స్తోత్రం" అన్నాను. జపమాల తీసి పది పూసలు చెప్పుకున్నాను. కదల్లేదు. చీకటి పడ్డాక కనబడలేదు. పారిపోలేదు, చీకటిలో కలిశాడంతే.

నానమ్మకి ముందు జరగబోయేవి కనబడేవి కదా. ఎవరింటి నుంచి శవపేటిక బయల్దేరుతుందో వారాల ముందే చూసి నోరు మూసుకునేది. ఒకసారి నాతో అంది: "నాకు కనబడేది చచ్చినవాళ్లు కాదే పిల్లా. బతికున్నవాళ్లే. ఇంకా చెయ్యని పని చేస్తూ కనబడతారు."

అందుకే నీకు రాస్తున్నాను.

అక్క

*

దూయిస్‌బుర్గ్
నవంబరు 10

అక్కా,

కళ్లజోడు మార్పించుకో. నవంబరులో ఆ చిత్తడినేల మీద పొగమంచు ఎలా లేస్తుందో నాకు నువ్వు చెప్పక్కర్లేదు. కంచెకర్ర కూడా మనిషిలా కనబడుతుంది. నీలాంటి నిదానస్తురాలు కూడా ఇలా రాస్తే ఆ ముసలావిడ మాటల్ని ఎవరు ఆపుతారు?

నానమ్మ సంగతులు నాకు రాయకు. పిల్లలు నా ఉత్తరాలు తీసి చదువుతున్నారు.

నాకూ ఒంట్లో బాగుండటం లేదు. అలసట. ఈమధ్య పని నుంచి వచ్చి మా ఇంటి తలుపు బయట నిలబడిపోతున్నానట. నిన్న రెనాటె తలుపు తీసి, "ఏమయ్యా, ఇల్లు మర్చిపోయావా? టోపీ చేత్తో పట్టుకుని బిచ్చగాడిలా ఆ నిలబడటమేమిటి?" అంది. ఎంతసేపటి నుంచి ఉన్నానో నాకు తెలీలేదు. బూట్లు తడిసి ఉన్నాయి. వాన లేదు.

రెండు షిఫ్టులు చేస్తే ఎవడికైనా ఇలాగే అవుతుంది. నన్ను ఇక ఏమీ అడక్కు.

ఆల్విన్

*

వెన్‌బ్రోక్
నవంబరు మూడో ఆదివారం

తమ్ముడూ,

నేను ఏమీ అడగలేదు.

పెద్దమ్మ వంటింట్లో పడిపోయింది. ఎముకలు విరగలేదు కానీ మంచం దిగలేకపోతోంది. ఫాదర్‌ని పిలిపించాను. చావుకి ముందు తైలం పూసే అవస్థ అభ్యంగనం ఇస్తానంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే వద్దు ఫాదర్. నేను పైకి పోయాక వాడు అక్కడ లేకపోతే? మళ్లీ వెనక్కి రానిస్తారా?"

"అమ్మా, అలా అడగకూడదు" అన్నాడాయన.

"ఎందుకడగకూడదు? వాడు ఇక్కడికొచ్చి చూస్తే పొయ్యి ఆరిపోయి ఉంటుంది. నేను అక్కడికి పోయి చూస్తే వాడుండడు. ఇద్దరం ఒకళ్ల కోసం ఒకళ్లం దారుల్లో తిరుగుతూ ఉండాలా? మీరు చదువుకున్నారు, చెప్పండి."

ఫాదర్ చిన్నవాడు, ఈ ఊరికి కొత్త. ఆయన తైలం సీసా మూత పెట్టేసి నాతోపాటు వరండాలోకి వచ్చి, "ఈవిడకి ఏం కావాలి?" అని అడిగాడు. "ఒక మాట" అన్నాను.

చచ్చాడో బతికున్నాడో తెలీకుండా ఆవిడ వాడి కోసం ఏ ప్రార్థనా చెయ్యలేదు ఇన్నేళ్లూ. బతికున్నవాళ్ల ప్రార్థన చేస్తే చచ్చినవాడికి అన్యాయం. చచ్చినవాళ్లది చేస్తే బతికున్నవాణ్ణి చంపినట్టు. రెండూ మానుకుంది. ఇప్పుడు ప్రాణం కూడా అలాగే పట్టుకుని ఉంది. ఊపిరి తీస్తుంటే పక్కగదిలోకి వినబడుతోంది. చూడలేకపోతున్నాను.

ఆడవాళ్లు వెళ్లే ఆచారం లేకపోయినా ఆ కర్ర పట్టుకుని నేనే వెళ్లేదాన్ని. కానీ నా దగ్గర మాట లేదు. అబద్ధం చెప్పలేను.

సాయంత్రాలు అతను వస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మెట్టుమీద ఒక కాలు పెట్టి ఉంటున్నాడు.

అక్క

*

దూయిస్‌బుర్గ్
నవంబరు చివర

అక్కా,

రెనాటెకి కూడా చెప్పలేదు ఇది.

దళం చెదిరిపోయిన మాట నిజం. మేమిద్దరం కలిసే ఉన్నాం. తుపాకులు పారేసి ఇంటివైపు నడుస్తున్నాం. మార్చి నెల. నాలుగు రోజుల్లో ఊళ్లో ఉంటాం అనుకున్నాం. వాడు దారంతా తిండి కబుర్లే. మీ అక్క చేసే దుంపల పులుసు బావుంటుందా మా అమ్మ పోసే అట్లు బావుంటాయా అని నాతో తగువు. ఒక ఊరి చివర రోడ్డుపక్క కాలువలో నీళ్లు తాగుతుంటే విమానం వచ్చింది. పట్టపగలు. నేను చెట్టుకిందికి దొర్లాను. వాడు నీళ్లలో ఉన్నాడు. కడుపులో తూటా తగిలింది.

లాగి గట్టుమీద పడుకోబెట్టాను. ఏడవలేదు. చలి అన్నాడు, అంతే. నేను, "పెద్దమ్మకి ఏం చెప్పను?" అన్నాను. ఏం మాట్లాడాలో తెలీక అన్నాను.

వాడికి కోపం వచ్చింది. నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చెప్పకు. ఎవ్వరి చేతా చెప్పించకు. నేనే వెళ్లి చెబుతాను. మాటివ్వు" అన్నాడు.

ఇచ్చాను. కాసేపటికి పోయాడు. ఆ ఊరివాళ్లు వచ్చి తమ గుడి వెనక పూడ్చిపెట్టారు. పేరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ సాయంత్రమే శత్రు సైనికులు నన్ను పట్టుకుని ఖైదీల శిబిరానికి తోలారు.

తిరిగొచ్చిన రోజు పెద్దమ్మ కాలువ బల్లమీదే నిలబడి ఉంది. "మావాడేడిరా?" అంది. నోటిదాకా వచ్చింది. మాటిచ్చాను కదా అక్కా. "నేనే వస్తానన్నాడు పెద్దమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. ఆవిడ నా బుగ్గ తట్టి, "వస్తాడులే, నువ్వెళ్లి అన్నం తిను" అంది. ఆ పొరుగున ఇంక నేను ఉండలేకపోయాను.

చచ్చినవాడికి ఇచ్చిన మాట తప్పొచ్చా? నువ్వు ప్రార్థన తెలిసినదానివి. నువ్వు చెప్పు. నువ్వు రమ్మంటే వస్తాను.

ఆల్విన్

*

వెన్‌బ్రోక్
క్రిస్మస్ ముందరి ఆగమన కాలం, మొదటి మంగళవారం

తమ్ముడూ,

రెండు రోజులు ప్రార్థించాను. జవాబు అంటూ ఏమీ రాలేదు. నాకు తోచింది రాస్తున్నాను.

వాడు తనే చెబుతానన్నాడు. చెప్పడానికి గడపదాకా వచ్చాడు. తలుపు కొట్టడానికి వాడికి చెయ్యి లేదు. నోరు లేదు.

నాన్న టోపీకి దుమ్ము దులిపి పెట్టాను. శనివారం పొద్దుటి బండికి రా.

అక్క

*

దూయిస్‌బుర్గ్
ఆగమన కాలం మూడో వారం

అక్కా,

క్షేమంగా చేరాను. స్టేషన్లో నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను.

నన్ను ఒక సంగతి తినేస్తోంది. బండిలో వచ్చినంతసేపూ చెప్పాల్సిన వాక్యం వల్లెవేసుకున్నాను. నాన్న చెప్పేదే. "ఈ ఇంటి క్లెమెన్స్ ప్రభువునందు నిద్రించాడు. అతని ఆత్మ కోసం ప్రార్థించండి." కాలువ బల్ల దాటడం గుర్తుంది. కర్రతో తలుపుమీద మూడుసార్లు కొట్టడం గుర్తుంది. ఆవిడ మంచం దిగలేదన్నావు కదా. గోడ పట్టుకుని తనే వచ్చి తలుపు తీసింది. తెల్లటి నైటుగౌను, జుట్టు విరబోసుకుని ఉంది. అక్కడిదాకా గుర్తుంది.

తర్వాత ఏమీ లేదు అక్కా. నేను ఏం చెప్పానో గుర్తులేదు. మళ్లీ తెలివి తెలిసేసరికి ఆవిడ, "ఇంత ఆలస్యమట్రా?" అంటోంది. తలుపు మూసుకుంది.

మిగతా ఊరంతా బాగా గుర్తుంది. ఇంటింటికీ తిరిగి చెప్పాను. నువ్వు గంట కొడుతుంటే అందరూ బయటికొచ్చి, "ఎవరు? ముసలావిడా?" అని అడిగారు. "కాదు, క్లెమెన్స్" అన్నాను. నిన్న పోయినవాడి గురించి విన్నట్టే విన్నారు. లుడ్గర్ మాత్రం టోపీ తీసి, "దేవుడు శాంతినిచ్చుగాక" అని, తలుపు వెయ్యకుండా అక్కడే కూలబడ్డాడు. ఎన్నడూ లేనిది నేనూ ఆ గుమ్మంలోనే ఏడ్చాను. కబురు చెప్పేవాడు ఏడవకూడదంటారు కదా.

ఆవిడ తిట్టింది సబబే. ఇరవై తొమ్మిదేళ్లు. కానీ నాకు రెండు సంగతులు చెప్పు. ఆ గడప దగ్గర నేను వాక్యం సరిగ్గా చెప్పానా? నువ్వు కంచె దగ్గర ఉన్నావు, వినే ఉంటావు. రెండోది, క్లెమెన్స్‌కి ఇచ్చిన మాట తప్పాను. అది నా మీద ఉంటుందా?

ఆల్విన్

*

వెన్‌బ్రోక్
క్రిస్మస్ వెళ్లిన మర్నాడు

తమ్ముడు ఆల్విన్‌కి,

టెబ్బె పెద్దమ్మ క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం పోయింది. నేను పక్కనే ఉన్నాను. కష్టపడలేదు.

నువ్వు వెళ్లాక ఆవిడ చేసినవి చెబుతాను. చావింట్లో చేసినట్టే అద్దానికి గుడ్డ కప్పమంది. గడియారం ఆపమంది. కిటికీ తెరవమంది. మూడు సాయంత్రాలు ఆవిడ వంటింట్లో ఊరంతా కూచుని క్లెమెన్స్ కోసం జపమాల చెప్పాం. పేటిక ఉండాల్సిన చోట ఖాళీగా వదిలి చుట్టూ కూచున్నాం. ఆవిడ అందరికంటే గట్టిగా చెప్పింది. ఇన్నేళ్లు చెప్పనిది అంతా కలిపి చెబుతున్నట్టు. మూడోరోజున ఫాదర్‌ని తనే పిలిచింది. "ఇంక ఆ తైలం పట్రండి" అంది. తర్వాత పొయ్యి ఆర్పమంది. ఆర్పాను.

ఆవిడ కబురు ఇంటింటికీ నేనే చెప్పాను. ఆడది కర్ర పట్టిందేమిటని ఎవరూ అనలేదు. ఊరికి ఇదే ఆఖరి కబురు కావచ్చు. లుడ్గర్ రాతిపనివాణ్ణి పిలిపించాడు. పేరు చెక్కడం అయింది. ఊరి వివరం కూడా పంపేశాడు. జనంలో ఇద్దరిని తగ్గించాడు.

సాయంత్రాలు ఆ మెట్టు దగ్గర ఎవరూ లేరు.

ఇక నువ్వు అడిగినవి. రాయాలా వద్దా అని ఆలోచించాను. నీకు తెలియడమే మంచిది.

నేను కంచె దగ్గరే ఉన్నాను. గాలి లేదు. ప్రతి మాటా వినబడింది. నాన్న చెప్పే వాక్యం నువ్వు చెప్పలేదు. దూయిస్‌బుర్గ్ వెళ్లాక నువ్వు మాట్లాడటం మానేసిన మన ఊరి యాసలో ఇలా అన్నావు:

"అమ్మా, నేను చచ్చిపోయాను. అప్పుడే, మార్చిలోనే. ఎక్కువసేపు నొప్పి లేదు. చలేసిందంతే. నా కోసం ఇంక కాచుకోకు."

గొంతు పూర్తిగా మారని పిల్లవాడి గొంతు అది. నీది కాదు.

ఆవిడ చెయ్యి చాచి ఎదుటివాడి చెంప తడిమింది. "ఇంత ఆలస్యమట్రా?" అంది. తిట్టింది నిన్ను కాదు.

నువ్వు మాట తప్పలేదు ఆల్విన్. నువ్వు ఆవిడకి ఏమీ చెప్పలేదు.

అక్క